లైటుకు ప్రాస

ఒకానొక సంస్థానం ఉండేది, పైడిమెట్ట అని. పేరుకు రాజ్యమే కానీ, పొద్దున గుర్రమెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు అవతలి సరిహద్దు దాటిపోయేంత రాజ్యం. దాన్ని ఏలేవాడు ఉద్దండ భూపతి బహద్దరు. ఆయన బిరుదులు చదవడానికి పట్టే సేపట్లో ఆ రాజ్యాన్ని ఒకసారి చుట్టి రావచ్చు.

ఈ ప్రభువుకు కుదురు లేదు. సింహాసనం మీద కూర్చుంటే కాళ్ళు ఊపుతాడు, లేస్తే పచార్లు చేస్తాడు. కలెక్టరు దొరతో నాలుగుసార్లు మాట్లాడినప్పటినుంచి ఇంగ్లీషు పిచ్చి కూడా పట్టుకుంది. ఎదుటివాడు తెలుగులో ఒక వస్తువు పేరు ఎత్తబోతే చాలు, వాడికంటే ముందే దాని ఇంగ్లీషు పేరు అనేస్తాడు. అన్నాక సభంతా తలలూపిందో లేదో చూసుకుంటాడు.

ఆ కొలువులో ఆస్థానకవి గౌరీపతి. ఆ ఆసనంలో ఒకప్పుడు ఆయన తాతగారు కూర్చున్నారు, తరవాత తండ్రిగారు. గౌరీపతికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చంద్రోదయం మీద ఎంతో కష్టపడి కట్టిన పద్యం చదువుతుంటే మధ్యలో 'మూన్' అని వినపడేది. ఆయన దిగమింగుకుని తరవాతి పాదానికి వెళ్ళేవాడు.

ఒకరోజు చెన్నపట్నం నుంచి పెద్ద గ్యాసు లైటు వచ్చింది. పంపు కొడితే బుస్సుమని వెలుగుతుంది. పొద్దుగూకేదాకా ఆగలేక ప్రభువు పట్టపగలే దాన్ని సభలో వెలిగించాడు. ఎండలో దీపం ఏమంత కనపడుతుంది? అయినా అందరూ కళ్ళు చిట్లించి, చూడలేకపోతున్నట్టు నటించారు.

అప్పుడు ప్రభువుకు ఒక ఆలోచన వచ్చింది. ఎల్లుండి సాయంత్రం కలెక్టరు దొర వస్తున్నాడు. లైటు మీద ఒక పద్యం కావాలి. తెలుగు పద్యమే, కానీ మొదటి పాదం చివర 'లైట్' అని ఉండాలి. మిగతా మూడు పాదాల చివరా దానికి ప్రాస కుదిరే ఇంగ్లీషు మాటలే పడాలి.

"కుదరకపోతే ఆ ఆసనం ఖాళీ చెయ్యి. ఇంగ్లీషు పద్యాలు చెప్పేవాణ్ణి చెన్నపట్నం నుంచి రప్పిస్తాను. ఈ కొలువులో ఇక తెలుగు పద్యంతో పనిలేదు" అన్నాడు.

గౌరీపతికి తన బతుకు సంగతి అలా ఉంచి, తాతగారి కాలం నుంచి ఆ గోడలు విన్న పద్యం తన చేతుల్లో ఆగిపోతుందేమోనని భయం వేసింది. ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ఊరిచివర కాపురముండే ఇంకో దొర బంగళాకు నడిచాడు. అక్కడ వంటచేసే అంకయ్యకు దొరల మాటలు తెలుసు.

వంటింటి గుమ్మానికి ఆమడదూరంలో నిలబడి కవిగారు తన అవస్థ చెప్పుకున్నాడు. అంకయ్య గరిటె ఆపకుండానే తనకు తెలిసిన ఇంగ్లీషంతా వల్లించాడు. అర్థాల సంగతి తరవాత, గౌరీపతి చెవి ప్రాస పట్టే చెవి. వందమాటల్లోంచి మూడు పట్టుకుని, వాటి అర్థాలు అడిగాడు. తెలుపును దొరలు వైట్ అంటారు, రాత్రిని నైట్ అంటారు, బంగళా ఆవరణలో దొరగారి అమ్మాయి ఎగరేస్తున్న గాలిపటాన్ని కైట్ అంటారు. దారంతా ఆ మూడూ జపం చేసుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడు సభలో పద్యం చదివాడు. రెండో పాదం చివర 'వైట్' అనగానే ప్రభువు చెయ్యెత్తి ఆపాడు. ఉచ్చారణ తప్పు, మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అన్నాడు. నాలుక మడవాలన్నాడు. మడిచి అన్నాడు. అంత మడవకూడదన్నాడు. పదకొండుసార్లు అనిపించి, పదకొండుసార్లూ తప్పేనని తేల్చాడు. సభ అవునవునంది. మిగతా రెండు మాటలకూ అదే గతి.

అసలు ఒప్పు ఏదో మాత్రం ప్రభువు చెప్పలేదు. రేపటి ఉదయం ఆఖరి అవకాశమని లేచిపోయాడు.

ఆ సాయంత్రం గౌరీపతికి ఇంట్లో కాలు నిలవలేదు. వీధిగుమ్మం నుంచి పెరటిదాకా, పెరటి నుంచి వీధిగుమ్మందాకా తిరుగుతున్నాడు. విస్తరి ముందు కూర్చుని లేచాడు. మాటలు దొరక్కపోతే వెతుక్కోవచ్చు. దొరికిన మాటల్ని తప్పంటుంటే ఎక్కడికి పోయేది? తప్పొప్పులు తేల్చేవాడూ ప్రభువే, తప్పు కావాలనుకునేవాడూ ఆయనే.

భార్య సుభద్రమ్మ సంగతంతా విన్నది. ఆవిడ రాణీవాసానికి అప్పుడప్పుడు వెళ్ళే మనిషి. అక్కడ రాణిగారు దాహమని నీళ్ళు అడగబోతే, చెంబు కంటే ముందు ప్రభువుగారి 'వాటర్' వస్తుందట.

"ఆయన నోరు ఎలాగూ ఆగదు కదండీ. మీరు కష్టపడి నాలుక మడవడం ఎందుకు? ఆ పనేదో ఆయనకే వదిలెయ్యండి" అంది.

గౌరీపతి పెరటిగుమ్మం దగ్గర టక్కున ఆగాడు. ఆ సాయంత్రం ఆయన కాలు నిలిచింది అదే మొదలు. కాసేపటికి వచ్చి విస్తరి ముందు కూర్చుని, చల్లారిన పప్పే కలుపుకుని తిన్నాడు.

తెల్లవారింది. సభ నిండింది. లైటు మళ్ళీ పగలే బుస్సుమంటోంది. గౌరీపతి లేచి నమస్కరించి, చదవబోయే ముందు ఒక్క మనవి ఉందన్నాడు.

"ఇంగ్లీషు మాట సరిగా పలికిందీ లేనిదీ తేల్చేవారు ఎవరు మహాప్రభూ?"

"ఇంకెవరు? దొరగారి దగ్గర నేర్చిన నోరు ఈ సంస్థానంలో ఇదొక్కటే. నేను పలికిందే ఒప్పు" అన్నాడు ప్రభువు, మీసం సవరించుకుంటూ.

"చిత్తం. అంతా విన్నారు కదా" అని గౌరీపతి సభను ఒకసారి కలయజూసి మొదలుపెట్టాడు.

"చీకటింటికి రాజు తెచ్చెను చెన్నపట్నపు లైట్..."

ప్రభువు బాగుందన్నట్టు కాలు ఊపాడు. గౌరీపతి రెండో పాదం ఎత్తుకున్నాడు.

"పాలనురుగూ, మల్లెమొగ్గా, ప్రభువు కీర్తీ..."

అక్కడ ఆగాడు. మాట తోచనట్టు పైకి చూశాడు, పక్కకు చూశాడు. పాలు, మల్లెలు, కీర్తి, ఈ మూడూ కావ్యాల్లో ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. ప్రభువు వేళ్ళు సింహాసనం మీద టకటకలాడాయి. పెదవులు కదిలాయి.

"వైట్" అన్నాడు, ఇక ఉండబట్టలేక.

గౌరీపతి వంగి నమస్కరించి మూడో పాదంలోకి వెళ్ళాడు.

"దాని ముందర తాళలేకా తరలిపోవును..."

పైనున్న లైటును చూపించాడు, మూలనున్న చీకటిని చూపించాడు. నోరు తెరిచి మూసుకున్నాడు.

"నైట్" అన్నాడు ప్రభువు, ఈపాటి తెలియదా అన్నట్టు.

"పైడిమెట్టా పరువు నేడూ నింగికెగిరే..."

గౌరీపతి తల వెనక్కి వాల్చి, రెండువేళ్ళతో కనపడని దారాన్ని లాగుతూ వదులుతూ నిలబడ్డాడు. ఊళ్ళో గాలిపటం ఎగరెయ్యని వాడెవడు? ప్రభువు సింహాసనం మీదనుంచి సగం లేచాడు.

"కైట్, కైట్" అన్నాడు.

పద్యం ముగిసింది. గౌరీపతి వెళ్ళి తన ఆసనంలో కూర్చున్నాడు. తీరా అప్పుడు తెలిసింది ప్రభువుకు, ఏదో జరిగిపోయిందని.

"ఏమయ్యా, ప్రాసలన్నీ నేను చెప్పాను. నువ్వు ఒక్కటీ చెప్పలేదే?"

"నిన్న చెప్పాను మహాప్రభూ, ఈ మూడు మాటలే. నా నోట తప్పయ్యాయి. ఇవాళ ఏలినవారే స్వయంగా పలికారు. ఇప్పటికీ ఉచ్చారణ తప్పేనని సెలవిస్తే ఈ క్షణమే ఆసనం ఖాళీ చేస్తాను."

తప్పంటే ఆ తప్పు ఎవరి నోటిదో అందరూ విన్నారు. ఒప్పంటే కవి గెలిచాడు. ప్రభువు సభవైపు చూశాడు. తలలూపడానికి అలవాటుపడ్డ సభ ఎటు ఊపాలో తెలియక బిగుసుకుపోయింది.

ముందు ప్రభువు మీసం అదిరింది, తరవాత పొట్ట కదిలింది. ఆపైన ఆయన పగలబడి నవ్వాడు. కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వి, భుజం మీది జరీశాలువా తీసి, తానే దిగివచ్చి గౌరీపతికి కప్పాడు. ఈ పద్యమే సాయంత్రం దొరగారి ముందు చదవాలని, తాను ఉన్నన్నాళ్ళూ ఆ ఆసనం గౌరీపతిదేనని సభలో ప్రకటించాడు. సభకు ప్రాణం లేచివచ్చి తలలూపింది.

శాలువా సర్దుతూ ప్రభువు చిన్న గొంతుతో అడిగాడు.

"అది సరేగానీ గౌరీపతీ, నేను పలక్కుండా కూర్చుంటే నీ గతేమయ్యేది?"

"నిన్నటినుంచి నేను పడని భయం లేదు మహాప్రభూ. ఆ ఒక్క భయం మాత్రం కలగలేదు" అన్నాడు గౌరీపతి.