మధ్యవర్తి నోట్లో నువ్వుండ

కృష్ణ ఒడ్డున ఉన్న ఆరామాలన్నిటిలోనూ నా అంత మాటకారి భిక్షువు లేడు. కొట్టుకుంటున్న వాళ్లను సైతం ఒక్క మాటతో కౌగిలించుకునేలా చేస్తాను. ఇది లోకం అన్న మాట కాదులెండి, నేనన్నదే. విన్న గురువుగారు దగ్గొచ్చినట్టు పక్కకు తిరిగారు.

ఆ వేసవిలో ఊళ్లోని మూడు సంఘాలు కలిసి, రేవుపట్నం వర్తకుడికి పడవల మీద నువ్వుల నూనె పంపుతామని మాటిచ్చాయి. గానుగల వాళ్లకు పెద్ద విధికన్న. కుమ్మరులకు పెద్ద సామక్క. పడవల వాళ్లకు పెద్ద హంగయ్య. ముగ్గురూ ఎవరి పనిలో వాళ్లు దిట్టలే కానీ, ఒకరి గడప ఒకరు తొక్కరు. అందుకని ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే పని నేను నెత్తికెత్తుకున్నాను.

నేను ఎంత చేరవేసినా దారిలో కుండలు పగులుతూనే ఉన్నాయి. సగం నూనె కృష్ణమ్మే తాగింది.

ఒక ఉదయం ముగ్గురూ ఆరామానికి వచ్చారు. పొత్తు వద్దట. వానలు పడితే పడవలు కదలవు. ఆలోగా నూనె చేరకపోతే వర్తకుడు ఇంకో ఊరు చూసుకుంటాడు, మూడు వాడల్లోనూ పొయ్యి వెలగదు. అది తెలిసి కూడా మూడు దిక్కులకు మొహాలు తిప్పుకుని కూర్చున్నారు.

"చూస్తూ ఉండండి, ఇట్టే కలిపేస్తాను" అన్నాను గురువుగారి చెవిలో.

"ముందు నోరు తెరువు" అన్నారాయన.

తెరిచాను. తాటిబెల్లం పాకంతో చుట్టిన నువ్వుండ, పిడికెడంతది, లోపలికి తోసేశారు. నోట్లో ముద్ద ఉండగా భిక్షువు మాట్లాడకూడదని నియమం. బుగ్గలు ఉబ్బేలా తినకూడదనీ ఉంది కానీ, అది ఆ పూటకు గురువుగారు మరిచిపోయారు.

"స్వామీ, ఆవిడకు చెప్పండి..." అన్నాడు విధికన్న.

"మ్మ్" అన్నాను.

విధికన్న నా బుగ్గల వైపు కాసేపు చూశాడు. ఏం చేస్తాడు, సామక్క వైపు తిరిగాడు. "కుండలు మరీ పలచన, అక్కా. ఉఫ్ అంటే పగులుతున్నాయి. మొదట్నుంచీ చెప్పి పంపుతూనే ఉన్నానుగా?"

"పలచనా? సుకుమారంగా ఉన్నాయని మురిసిపోయావటగా! అందుకే ఇంకా పలచగా చేయించాను. నువ్వు మాత్రం? అంచు దాకా పోయొద్దు, ఎండకు నూనె పొంగి మూత లేస్తోందని చెప్పి పంపానే!"

"నిండు మనసుతో పోస్తున్నానని మెచ్చుకున్నావన్నారే! ఆ ముచ్చటకే ఇంకో గరిటె ఎక్కువ పోయించాను."

హంగయ్య తల పట్టుకున్నాడు. "మరి నా మాటో? అడుగు గుండ్రంగా ఉంటే కుండలు పడవలో దొర్లుతున్నాయి తల్లీ అన్నాను."

"నాట్యం చేస్తున్నాయన్నావని చెప్పారయ్యా!"

ముగ్గురూ ఒక్కసారే నా వైపు తిరిగారు. నేను పైకప్పు వైపు చూశాను.

ముందు సామక్కే పక్కున నవ్వింది. తర్వాత విధికన్న. హంగయ్యకైతే నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి. అలా నవ్వుతూనే రేవుకు బయల్దేరారు.

సామక్క పడవెక్కి కూర్చుని, "ఊపవయ్యా, చూద్దాం" అంది. కుండ దొర్లుకుంటూ వచ్చి ఆవిడ మోకాలికి కొట్టుకుంది. "అమ్మో! అడుగు చదును చేస్తాను గానీ, నువ్వు కింద గడ్డి పరిపించు" అంది. "నేను నాలుగు వేళ్లు వెలితిగా పోస్తాను" అన్నాడు విధికన్న.

అప్పట్నుంచి కుండ పగిలితే ముగ్గురూ ఆ పెంకుల చుట్టూ కూర్చుని, కడుపునిండా తిట్టుకుని, కారణం తేల్చాకే తర్వాతి పడవ వదులుతారు. ఆఖరి పడవ రేవుపట్నం చేరాకే తొలి చినుకు పడింది.

"వాళ్ల మధ్య వంతెనలా ఉన్నాను కదండీ, నా తప్పేముంది?" అని గురువుగారిని అడిగాను.

"వంతెన పడుకునే ఉండాలిరా. లేచి నిలబడితే గోడ" అన్నారు.

ఇక దాచి లాభం లేదు. ఆ రోజు నా నోట్లోని నువ్వుండ, వాళ్ల నవ్వు ఆగేలోపే కరిగిపోయింది. రేవు దాకా వెంటపడి సలహాలు చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినిపించుకోలేదు. హంగయ్య మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి, "స్వామీ, కాస్త ఆ గడ్డిమోపు అందుకోండి" అన్నాడు.