చేతిలో చిలక

ప్రశ్న అడిగితే వీరభద్రాచారి మాస్టారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. పాత చిత్రాలు బాగుచేయడంలో నలభై ఏళ్లు గడిపిన మనిషి. చిత్రకళా చరిత్ర చదువుకుని ఆయన దగ్గర ఏడాదిగా పని నేర్చుకుంటున్న మందాకినికి ఈ మౌనమే అనుమానంగా ఉండేది.

ఆ అనుమానానికి కారణం ఒక చెక్క పలక. వైష్ణవ మఠం నుంచి రెండోసారి మరమ్మతుకు వచ్చింది. దాని మీద నిలబడిన స్త్రీ, ఆమె ఎడమచేతిలో పచ్చని చిలక. చిలక ఉంటే ఆమె గోదాదేవే. కానీ మందాకిని సంపాదించిన పాత ఫోటోలో ఆ చెయ్యి ఖాళీ. ఆ ఫోటోను నమ్ముకునే, ఈమె మఠం కట్టించిన రాణి అని ఆమె తన పరిశోధనలో రాసేసింది. ఫోటో తీశాక పలకను ముట్టుకున్నది మాస్టారు ఒక్కరే. ఇరవై ఏళ్ల కిందట మొదటిసారి బాగుచేసినప్పుడు మఠంవాళ్లను మెప్పించడానికి ఈయనే చిలకను వేసి ఉంటాడనుకుంది. ఆయన పచ్చరంగు కలుపుతుంటే ఓరగా గమనించేది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, ఈ చిలకను మీరే వేశారా?"

ఆయన నొచ్చుకోలేదు. దూదిని రంగు కరిగించే మందులో ముంచి, పిండి, ఆమె చేతికిచ్చారు.

"కొత్త రంగైతే ఊడివస్తుంది. తుడిచి చూడు."

చిలక ముక్కు దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది.

"పాత రంగైతే రాదా?"

"అదీ రావచ్చు."

"మరి తేడా ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. తుడిచాక చూడటానికి చిలకే ఉండదు."

మాస్టారు బీరువాలోంచి అట్ట చిరిగిన పనిపుస్తకం తీసి ఆమె ముందు పెట్టారు. ఎడమచేతి మీద దీపాల మసి మందంగా పేరుకుని ఉందనీ, దాన్ని తీస్తే కింద చిలక కనిపించిందనీ, తోక దగ్గర రంగు రాలిపోతే తాను పూరించాననీ అందులో రాసి ఉంది. మందాకిని రెండుసార్లు చదివింది. ఇన్నాళ్లూ కాపాడుకొచ్చిన రాణి చెయ్యి జారిపోతున్నట్టనిపించింది. అయినా లోపల ఏదో ఒప్పుకోలేదు.

"ఇదీ మీరు రాసుకున్నదే కదా మాస్టారూ" అంది మెల్లగా.

ఏడాదిలో మొదటిసారి ఆయన నవ్వారు.

"అవును. అనుమానించు. దూది మాత్రం కింద పెట్టి అనుమానించు."