ఎవరు ఓడాల?

దూదేకుల హుసేనప్పకు పేకాటలో అదృష్టం పట్టింది. పట్టిందంటే మామూలుగా పట్టలేదు మహానుభావా! లోపలా బయటా ఆటలో అతను లోపల అంటే లోపల, బయట అంటే బయట పడుతోంది ముక్క. నెలంతా దూది ఏకి, పరుపులు కుట్టినా రానిది ఒక్క మధ్యాహ్నంలో జేబులో పడుతోంది.

అంగళ్ళలోకి స్పంజి పరుపులు వచ్చాక అతన్ని పిలిచేవాళ్ళే తగ్గిపోయారు. ఇంట్లో చూస్తే పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. ఇక ఆటే బతుకుతెరువు అనుకున్నాడు. దూదేకే విల్లుకు బేరం కుదుర్చుకున్నాడు. అమ్మేముందు గురువు దీవెన తీసుకుందామని, ఆ విల్లు భుజాన వేసుకునే ఏటిగట్టు దర్గాకు పోయాడు.

గురువు జమాల్‌షా ఫకీరు అరుగు మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆ దిండు ఎప్పుడో హుసేనప్ప కుట్టిచ్చిందే.

"సామీ, ఇకమీదట ఆటే నా పని. రోజూ గెలిచేటట్టు ఒక్క దువా చేయండి."

తిడతాడనుకున్నాడు. ముసలాయన తిట్టలేదు. సర్దుకుని కూర్చుని, అరచేతులు రెండూ పైకెత్తాడు.

"అట్లే కానీ నాయనా. నువ్వు గెలవాలంటే ఒకడు ఓడాల గదా. ఎవరు ఓడాలో పేరు చెప్పు, అల్లాను అడుగుతా."

"టీకొట్టు చెన్నకేశవులు..." అని హుసేనప్ప నాలుక కరుచుకున్నాడు. "వద్దు సామీ. వానాకాలం పని లేనప్పుడు ఊరికే టీ పోసినాడు."

"సరే, ఇంకొకరు?"

"ఆటో నబీ... అయ్యో, వాని పెండ్లాం నిండు చూలాలు."

"ఇంకొకరు?"

"ఎవడో ఒకడు సామీ! ముక్కూ మొహం తెలియనోడు!"

"తెలియనోనికీ పేరుంటాది గదరా. కనుక్కొని రా. నేను ఇట్లే ఉంటా."

హుసేనప్ప కదల్లేదు. ఎత్తిన ఆ బక్క చేతులు వణకడం మొదలుపెట్టాయి. చూడలేకపోయాడు.

"దించండి సామీ, మీకు పుణ్యముంటాది!"

"ఎత్తిన చేతులు ఉత్తగా దించే అలవాటు లేదు నాకు. ఏదో ఒకటి అడుగు."

హుసేనప్ప భుజాన ఉన్న విల్లు దించి ముందర పెట్టుకున్నాడు.

"రేపు పని దొరికితే చాలు సామీ. నేను కుట్టిన పరుపు మీద పడుకున్నోళ్ళకు కంటినిండా నిద్ర పట్టాల."

"పేర్లు?"

"ఎవరైనా సరే సామీ. అందరికీ."

"ఆమీన్," అని ముసలాయన అరచేతులతో మొహం తుడుచుకున్నాడు.

హుసేనప్ప ఆ చేతుల్ని పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "నా పిల్లలు మిమ్మల్ని తలుచుకుని అన్నం తింటారు సామీ. మీ రుణం ఎట్లా తీర్చేది?"

జమాల్‌షా వీపు వెనక నుంచి దిండు లాగి అతని ముందర పడేశాడు.

"రేపటిదాకా ఎందుకు? ఇది గడ్డలు కట్టి చస్తాంది. ఏకి పెట్టు."