దళవాయిగారు కాసిన తోట

నెమలిదిన్నె రాజు తిరుమలభూపతికి ఒళ్ళు మండిపోయింది. పగవాడెవడో దండెత్తి వచ్చాడని కాదు, బుట్టెడు మామిడిపళ్ళు వచ్చాయని. పక్క సంస్థానం రాజు వాటిని పంపుతూ, "మీ నేలలో పండవట కదా, పాపం, తినండి" అని కబురు కూడా పెట్టాడు.

పళ్ళన్నీ టెంకలతో సహా చీకేశాక రాజుగారు కొలువులో గర్జించారు.

"కోట వెనక మనకూ పళ్ళతోట కావాలి! వచ్చే వేసవికి అందులో ఏం కాసిందో నా కళ్ళముందు పెట్టాలి!"

"మామిడికి ఏళ్ళు పడుతుంది ప్రభూ," అన్నాడు బుచ్చన్న. కొలువులో నవ్వించడం అతని ఉద్యోగం, నిజం చెప్పడం అతని జబ్బు. "మధ్యమధ్య అరటి పెడదాం, అదైతే ఏడాదికల్లా గెల వేస్తుంది. మొక్కలు పెంచడానికి మా వీధి నూకమ్మను పిలిపిస్తాను. కానీ ముందు కంచె కట్టాలి. ఆ తరవాతే మొక్క."

దళవాయి భైరవయ్య పకపకా నవ్వాడు. కోట కాపలా అంతా ఆయన చేతిలోనే ఉంది. మీసాలకు రోజూ వెన్న రాస్తాడు గానీ, కత్తికి నూనె రాసిన పాపాన పోలేదు.

"కంచెట, కంచె! నేనుండగా ముళ్ళకంపలెందుకు ప్రభూ? నా పేరు వింటే చీమైనా చుట్టు తిరిగి పోతుంది. ఈ తోట నేను కాస్తాను!"

రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. ఇంకేం, కంచె లేకుండానే తోట వేశారు. పైగా మొక్కల్ని సైన్యంలాగా భుజం భుజం కలిపి నిలబెట్టాలట! దళవాయిగారి ఆజ్ఞ. నూకమ్మ ఆయన అటు తిరిగినప్పుడల్లా ఎడం చేసి నాటేది.

వానలు పడ్డాయి. మొక్కలు చిగురేశాయి. వేసిన చిగురు వేసినట్టే మాయమైంది. వేసవి వచ్చేసరికి తోటలో మోడులు తప్ప ఇంకేం మిగల్లేదు.

"నూకమ్మ మేక మేసేసింది ప్రభూ!" అన్నాడు భైరవయ్య, కన్నార్పకుండా.

"అయ్యో దొరా, నాకు మేకే లేదు!" నూకమ్మ లబోదిబోమంది. "ఇద్దరు పిల్లల్ని మేపలేకే చస్తున్నాను, మేకనెక్కడ మేపను?"

"మరి నాకుందా మేక? దాని వాసనే నాకు గిట్టదు!" అన్నాడు భైరవయ్య.

రాజుగారికి విచారణ చేసే ఓపిక ఎప్పుడూ లేదు. "రేపు కొలువులో, తోటలో కాసిందేదో నా ముందు పెట్టండి. లేకపోతే నూకమ్మ పిల్లలతో సహా ఊరు విడిచి పోవాలి. ఆమెను తెచ్చిన బుచ్చన్న కూడా!" అని లేచి వెళ్ళిపోయారు.

బుచ్చన్నకు కడుపు మండింది. తన ఉద్యోగం పోతే పోయింది, ఇంకో ఊళ్ళో ఇంకో రాజు దొరక్కపోడు. తిక్క రాజులకేం కరువా? కానీ కూలో నాలో చేసుకు బతికే నూకమ్మను ఈ ఊబిలోకి లాగింది తనే కదా! ఆ బాధతోనే తిన్నగా తోటకు పోయి ఓ గోడ చాటున కూర్చున్నాడు.

కాసేపటికి, పట్టపగలే, దళవాయిగారి పెరటి గుమ్మంలోంచి ఒక మేక దిగింది. మెడలో వెండి మువ్వలు, బానలాంటి పొట్ట. కావలి భటులు దాన్ని అదిలించలేదు సరికదా, లేచి నిలబడి దారి ఇచ్చారు. దళవాయిగారి మేకను 'హే' అనే మొనగాడెవడు?

బుచ్చన్న గుప్పెడు అవిసాకు చూపించి, "రా తల్లీ, రా," అన్నాడు.

మర్నాడు కొలువులోకి తెరలు దించిన పల్లకి ఒకటి వచ్చింది. మోసిన బోయీలు చెమటలు కక్కుతున్నారు.

"తోటలో కాసింది తెచ్చాను ప్రభూ. చూపించే ముందు ఒక్క మాట," అంటూ బుచ్చన్న దళవాయి వైపు తిరిగాడు. "అయ్యా, మన తోట కాసిందెవరు?"

"నేనే!" మీసం మెలేశాడు భైరవయ్య.

"ఇంకెవరైనా సాయం పట్టారా?"

"ఎవరికుంది అంత దమ్ము? ఏడాది పొడుగునా కాసింది నేనొక్కణ్ణే!"

"అందరూ విన్నారుగా!" అని బుచ్చన్న తెర ఎత్తాడు.

"మ్యా..." అంది లోపలున్నది.

మేక ఒక్క గెంతులో కిందికి దూకి, ఇంతమందిలోనూ ఇంకెవర్నీ చూడకుండా భైరవయ్య దగ్గరికి పరుగెత్తి, ఆయన నడికట్టు చెంగు నోట కరుచుకుని నమలసాగింది.

"ఛీ ఛీ! సింగారీ, వదలవే! ఇంట్లో పెట్టింది చాల్లేదుటే నీకు..."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

"సింగారా?" అన్నారు రాజుగారు.

బుచ్చన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామిడి వేశాం, అరటి వేశాం ప్రభూ. దళవాయిగారు కాసిన తోటలో కాసింది మాత్రం ఇదొక్కటే! కంచే చేను మేస్తుందని పెద్దలంటే విన్నాం. ఈ కంచె తన మేకను కూడా వెంటబెట్టుకొచ్చి మేసింది."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుగారు సింహాసనం మీద పొట్ట పట్టుకుని ఊగిపోయారు. కంచె వద్దంటే తల ఊపింది తామేనని గుర్తొచ్చి కాస్త తగ్గి, తీర్పు చెప్పారు. సింగారి ఇకమీదట నూకమ్మది, పాలు పిల్లలకు. తోట చుట్టూ ముళ్ళకంప కొట్టి తెచ్చి పాతేది భైరవయ్య, అదీ స్వహస్తాలతో.

"నీకేం కావాలో కోరుకో బుచ్చన్నా!"

"నాకేం వద్దు ప్రభూ. దళవాయిగారు కాయడం మానేస్తే చెట్లు కాస్తాయి. అదే పదివేలు!"

రాజుగారు పగలబడి నవ్వుతూ తన జరీ శాలువా తీసి బుచ్చన్న భుజాన కప్పారు. సింగారి నడికట్టు వదిలేసి, ఆ శాలువా అంచు వైపు ఆశగా చూసింది.