గంధం గిన్నె, గులాబీ రెక్క

హుసేనప్పకు మళ్ళీ తలనొప్పి పట్టుకుంది. సాన ముందు కూర్చునేటప్పుడు ఉండదు. గంధం నాలుగు చుక్కలు పోగయ్యేసరికి కణతల దగ్గర మొదలై మాడుదాకా పాకుతుంది. శొంఠి పట్టు వేశాడు, గుడ్డ బిగించి కట్టాడు, మాత్రలు మింగాడు. డాక్టరేమో పరీక్షలన్నీ చేసి లోపల ఏ జబ్బూ లేదు పొమ్మన్నాడు. మరి ఈ పాడు నొప్పి ఎక్కణ్ణుంచి వస్తోందో వాడికి అంతుబట్టలేదు.

అసలు భయం నొప్పి గురించి కాదు. వాడు సేవ చేసే దర్గాలో ఉరుసు పండక్కి గంధం తీసిన శిష్యుడే ఆ గిన్నెను నెత్తిన పెట్టుకుని ఊరేగింపులో నడవాలి. ఎన్నో ఏళ్ళు ఎదురుచూస్తే ఈసారి ఆ భాగ్యం దక్కింది. ఈ తలతో మోస్తే దారిలో పడేయడం ఖాయం. దర్గా గురువు జమాలుద్దీన్ బాబా దగ్గరికెళ్ళి, గిన్నె ఇంకెవరికైనా ఇవ్వండని ఏడ్చేశాడు.

బాబా ఊరుకోమనలేదు, ఊదీ పెట్టలేదు. సమాధి మీది గులాబీ నుంచి ఒక రెక్క తీసి వాడి దవడపళ్ళ మధ్య పెట్టాడు.

"గంధం తీయడం అయ్యాక ఇది నాకు తిరిగివ్వు."

సాయంత్రం చూస్తే రెక్క నుజ్జునుజ్జు. హుసేనప్ప తెల్లబోయాడు. తను నమిలింది లేదు, కొరికింది లేదు. నమలడానికి అదేమన్నా వేరుశనగ్గింజా? బాబా మర్నాడు ఇంకో రెక్క ఇచ్చాడు. అదీ అంతే అయింది.

ఇది మందో, మంత్రమో, బాబా తనతో ఆటలాడుతున్నాడో వాడికి పాలుపోలేదు. గంధం మీద ధ్యాస పెడితే రెక్క చితుకుతోంది. రెక్క మీద ధ్యాస పెడితే చెయ్యి నెమ్మదిస్తోంది, చెవులదాకా లేచిన భుజాలు దిగుతున్నాయి. ఇలాగైతే గంధం బరకగా వస్తుందని హడలిపోయాడు. తీరా చూస్తే వెన్నలా వచ్చింది.

ఉరుసు నాడు రెక్క గాటు పడకుండా బయటికొచ్చింది. బాబా దాన్ని కళ్ళకద్దుకుని గిన్నె ఎత్తాడు. హుసేనప్ప ఒకడుగు వెనక్కి వేశాడు.

"బాబా, నొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. దారిలో వస్తే?"

"రానీ నాయనా. అది వస్తే నువ్వెందుకు కరుస్తావు?"

ఆ మాట అర్థమయ్యీ కాకముందే గిన్నె నెత్తికెక్కింది. డప్పులు మోగాయి, జనం మీద పడ్డారు. బజారు మలుపులో కణత దగ్గర నొప్పి రానే వచ్చింది. హుసేనప్ప నాలుకతో పళ్ళ మధ్య వెతికాడు. రెక్క లేదు. అయినా అది చితికిపోతుందేమోనన్నట్టు దవడ వదిలేసి నడిచాడు.