పైపై దువ్వెన

"నా చేతికి కత్తెర ఎప్పుడిస్తారు మాస్టారూ?" అని శశిరేఖ అడిగింది. విశాఖపట్నంలో కుక్కలకు స్నానం చేయించి బొచ్చు కత్తిరించే ఆ దుకాణంలో ఆమె చేరి ఏడాది దాటింది. కొత్తవాళ్లకు కత్తెర ఇవ్వకపోవడం దానియేలు మాస్టారి పద్ధతి. ఒక కత్తిరింపుకూ మరో కత్తిరింపుకూ నడుమ వచ్చే స్నానాలూ దువ్వడాలే వాళ్ల పని. "మా అత్తగారు చుట్టాలందరికీ 'మా కోడలు కుక్కలకి తలంటు పోస్తుంది' అని చెబుతోంది. కత్తెర పట్టుకుంటే కనీసం ఉద్యోగమంటారు," అంది. మాస్టారు తువ్వాళ్లు మడతపెట్టడం ఆపలేదు. "ఇప్పుడొచ్చే కుక్కని నువ్వే చూడు," అన్నారు.

వచ్చింది బూందీ. రిటైరైన నర్సు వసుంధర గారి షిట్జూ జాతి కుక్క. రెండేళ్లుగా చివర్లు సరిచేయించడమే తప్ప కురచ చేయనివ్వకుండా ఆవిడ పెంచిన బొచ్చు నేల మీద జీరాడుతుంది. నడుం వంగక ఆవిడ ఇంట్లో దువ్వలేరు. అందుకే పదిహేను రోజులకోసారి శశిరేఖకు అప్పగిస్తారు. "ఈ అమ్మాయి చెయ్యి పడితే పట్టుకుచ్చే. ఇంకెవరికీ ఇవ్వకండి మాస్టారూ," అని చెప్పి బజారుకు వెళ్లారు.

శశిరేఖ కుక్కను బల్ల మీద నిలబెట్టి బ్రష్ తీసింది. మాస్టారు అది తీసుకుని ఉక్కు దువ్వెన ఇచ్చారు. "చర్మం దగ్గర్నుంచి దువ్వు." ఆమె పాయ తీసి చంక కింద దువ్వెన పెట్టింది. అది కదల్లేదు. చెవుల వెనకా, పొట్ట కిందా అంతే. పైన పట్టు, అడుగున గొంగడి. పాయ పాయా దువ్వాకే నీళ్లు పోయాలనీ, చిక్కు మీద నీళ్లు పడితే బిగుసుకుంటుందనీ చేరిన మొదటి వారమే మాస్టారు చెప్పారు. అలా దువ్వితే బూందీకి గంట పడుతుంది. పైపైన అయితే ఇరవై నిమిషాలు. గడిచిన ఆరు స్నానాలూ శశిరేఖ ఇరవయ్యేసి నిమిషాల్లోనే కానిచ్చింది. బూందీ ఒక్కసారీ అరవలేదు. బుద్ధిమంతురాలు అనుకుంది.

"విప్పలేమా?"

"పీకితే తోలు లేస్తుంది," అన్నారు మాస్టారు. వసుంధర గారికి ఫోన్ చేసి, నున్నగా గొరగక తప్పదన్నారు. "నొప్పి లేకుండా చూడండి," అని అవతల నుంచి వినిపించింది. మాస్టారు బొచ్చు గొరిగే క్లిప్పర్ తెచ్చి శశిరేఖ చేతిలో పెట్టారు. "అడిగావుగా."

బొచ్చు రాలలేదు, జంపఖానాలా ఒకే చెక్కగా ఊడివచ్చింది. కింద చర్మం కందిపోయి ఉంది. చంకలో పుండు. ఆఖరి ముడి తెగగానే బూందీ ముందుకాలు బారచాపింది. అది కాలు అంత దూరం చాపడం శశిరేఖ ఎప్పుడూ చూడలేదు.

వసుంధర గారు వచ్చి, సగమైపోయిన కుక్కను చేతుల్లోకి తీసుకున్నారు. చంకలోకి చూశారు. ముప్పై ఏళ్లు పుండ్లు కడిగిన మనిషి. ఎన్నాళ్లదో ఆవిడకు తెలుస్తుంది. "ఇంట్లో నేను దువ్వకపోబట్టే ఇలా అయింది. నీ కష్టమంతా మట్టిపాలు చేశానమ్మా," అన్నారు శశిరేఖతో. శశిరేఖ క్లిప్పర్ బ్లేడు తుడుస్తూ ఉండిపోయింది. ఆవిడ కుక్కను పైటచెంగుతో కప్పుకుని మెట్లు దిగారు.

శశిరేఖ చీపురు అందుకుని, కింద పడ్డ బొచ్చు ఊడ్వబోయింది.

"అది తర్వాత," అన్నారు మాస్టారు. "ఆవిడ ఇంకా వీధి మలుపు దాటి ఉండరు."