కారని ఇంట్లో మర్యాద పీట

వాన పడినప్పుడల్లా పొట్టమీద కుండ పెట్టుకుని పడుకుంటానని సింగారి ఎవరికీ చెప్పలేదు. నెలలు నిండిన చెల్లెలు పురుటికి వస్తానంటే, "ఇల్లు ఇరుకే" అని తప్పించుకుంది.

చివరికి కప్పు కారుతోందని అద్దె ఇళ్ల అధికారి శరభయ్యకు ఫిర్యాదు చేసింది. ఆ ఇల్లు శరభయ్యదే. ఆ వీధీ ఆయనదే. అబద్ధపు ఫిర్యాదు చేస్తే ఇల్లు ఖాళీ చేయాలన్న నియమమూ ఆయనదే. అందుకే రాజ్యంలో ఫిర్యాదులే లేవని రాజుగారు సంతోషంగా ఉన్నారు.

మొదటి ఫిర్యాదు ఎలా ఉంటుందో చూద్దామని మంత్రిగారూ వెంట వచ్చారు. బయట ముసురు పట్టింది. శరభయ్య గడపలోంచే తొంగిచూసి, "చుక్క కూడా కారడం లేదు. రేపే ఖాళీ చెయ్యి," అన్నాడు.

"అలాగే బాబుగారూ. పోయేముందు నా చేతి మజ్జిగ పుచ్చుకోండి," అంది సింగారి. మంత్రిగారిని గోడవార కూర్చోబెట్టి, ఇంటి యజమానికని మంచి పీట నట్టింట్లో వేసింది.

శరభయ్య కూర్చోగానే తలపాగా మీద టప్పున చుక్క పడింది. ఆపైన ధార కట్టింది.

"అదేమిటయ్యా, తడుస్తున్నావు?" అన్నారు మంత్రిగారు.

"చెమటండీ."

"ఈ చలిలోనా?" అని మంత్రిగారు ఇంకో లోటా మజ్జిగ అడిగారు.

శరభయ్య పక్కకు జరగబోయాడు.

"కారని ఇంట్లో జరగడం దేనికి బాబుగారూ?" అంది సింగారి.

మీసాల మీంచి నీళ్లు మజ్జిగలో పడుతున్నా కాసేపు ఓర్చుకున్నాడు. చివరికి గట్టిగా తుమ్మి, "కారుతోందండీ," అన్నాడు.

"ఇది అధికారి మాటా, ఇంటి యజమాని మాటా?"

"ఇద్దరిదీనండీ."

"అదే వచ్చిన చిక్కు," అన్నారు మంత్రిగారు. "ఇకనుంచి నీ ఇళ్ల ఫిర్యాదులు నేను వింటాను. కప్పు బాగయ్యేదాకా ఆ పీట దిగకు."

పొద్దుగూకేలోగా పెంకులు మారాయి. సింగారి కుండను పొయ్యిమీదికెక్కించి, చెల్లెల్ని రమ్మని కబురు పంపడానికి బండివాడిని వెతుక్కుంటూ బయల్దేరింది.